అదే మోడల్, అదే కొలత. మరి ఎందుకు పట్టదు?

“డబ్బా మీద మా మోడల్ పేరే ఉంది. తెచ్చి పెడితే పట్టలేదు. తప్పు ఎవరిది?”

పంపుసెట్టుకు బుష్ మార్చుకునే రైతు దగ్గర్నుంచి రైఫిల్‌కి కొత్త హ్యాండ్‌గార్డ్ తెచ్చుకున్న షూటర్ దాకా అందరూ అడిగే ప్రశ్న ఇది. ఈ అధ్యాయానికి రైఫిల్ సంగతే తీసుకుంటున్నాను. ఒకచోట చేసిన భాగం మరోచోట చేసిన యంత్రంలో ఆకురాయి పట్టకుండానే ఇమడాలన్న ఆలోచన గట్టిగా వేళ్లూనుకున్నది తుపాకుల కార్ఖానాల్లోనే. పైగా రైఫిల్ దగ్గర వెంట్రుకవాసి తేడా కూడా దాగదు. గురి తప్పి బయటపెట్టేస్తుంది.

ముందు ఆ భాగం ఏమిటో చూద్దాం. తూటా పేలిన ప్రతిసారీ గొట్టం, అంటే బారెల్, వేడెక్కుతుంది. వరసగా కాలిస్తే కాసేపటికి ఒట్టిచేత్తో పట్టుకోలేనంత కాలుతుంది. ఆ వేడి చేతికి తగలకుండా గొట్టం మీద ఉండే తొడుగే హ్యాండ్‌గార్డ్. మనం దాన్ని ‘చేతికాపు’ అనుకుందాం. పోలీసు స్టేషన్లలో తరాల తరబడి కనిపించిన త్రీనాట్‌త్రీలో అది చెక్క. గొట్టం కింద ఫోరెండ్ అనే పొడవాటి చెక్క ఉంటుంది, పైన మూతలా చేతికాపు కూర్చుంటుంది. ఏకే రైఫిల్‌లో కింద ఒక ముక్క, పైన ఒక ముక్క. కొత్తకాలపు రైఫిళ్లలో చాలావాటికి గొట్టం చుట్టూ పొడవాటి అల్యూమినియం తొడుగు ఉంటుంది. దాని మీద గురిసాధనాలూ టార్చీలూ బిగించడానికి పళ్ల పట్టీలు ఉంటాయి. ఫ్యాక్టరీ ఇచ్చినది తీసేసి, బయట ఎవరో తయారుచేసినది పెట్టుకున్నప్పుడే చిక్కులు మొదలవుతాయి. వెనక్కి నెడితే చివరిదాకా పోదు. పోయినా ఆడుతుంది. ఆట లేదనుకుంటే పై పట్టీ వరస తప్పుతుంది. ఇవేవీ లేకపోయినా, చల్లగా ఉన్నప్పుడు బాగున్నది వేడెక్కాక తేడా చేస్తుంది.

ఇందులో ఒక సంగతి మొదట్లోనే తేల్చుకోవాలి. ‘పట్టడం’ అన్నది ఒక భాగంలో ఉండే గుణం కాదు. రెండు ముఖాలు ఒకదానికొకటి ఎదురైన చోట పుట్టే గుణం అది. అందుకే “కొత్తది తప్పుగా చేశారు” అనో, “మా రైఫిల్‌లోనే లోపం” అనో తీర్పు చెప్పే ముందు ఆ రెండూ ఎక్కడ కలుస్తున్నాయో వెతకాలి.

మొరప్పూర్‌లో ఎదురుపడ్డ రెండు కొలతలు

ఈ విషయం అర్థం కావడానికి నాకు తెలిసిన మంచి చోటు ఒక రైల్వే స్టేషన్. తమిళనాడు ధర్మపురి జిల్లాలోని మొరప్పూర్, జోలార్‌పేట నుంచి సేలం వెళ్లే దారిలో ఉంది. ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు ప్రాంతాల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి కాబట్టి ఈ పేరు మనవాళ్లలో చాలామందికి కొత్తదేమీ కాదు. ఇక్కడి పెద్ద లైన్‌లో పట్టాల మధ్య దూరం 5 అడుగుల 6 అంగుళాలు, అంటే 1676 మిల్లీమీటర్లు. 1906లో ఇదే స్టేషన్ నుంచి ధర్మపురికి ఒక చిన్న రైలు మొదలైంది. దాని పట్టాల మధ్య దూరం 2 అడుగుల 6 అంగుళాలు, అంటే 762 మిల్లీమీటర్లు. 1913లో ఆ లైన్‌ను హోసూరు దాకా పొడిగించారు. 1941లో మూసేశారు.

పెద్ద పట్టాల మీద పెద్ద బండి చక్కగా నడిచింది, చిన్న పట్టాల మీద చిన్న బండీ అలాగే నడిచింది. దేని కొలతలో దానికి తప్పు లేదు. చిక్కంతా రెండూ కలిసే మొరప్పూర్ దగ్గరే. ఒక లైన్ మీద వచ్చిన సరుకు రెండో లైన్‌లో పోవాలంటే ఇక్కడ దించి మళ్లీ ఎక్కించాల్సిందే. చక్రాలను ఎంత సానబట్టినా ఆ 914 మిల్లీమీటర్ల తేడా పూడదు.

చేతికాపు పట్టనప్పుడు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ఇదే: రెండూ ఒకే కుటుంబం కొలతలేనా? పేర్లు ఒకలాగే ఉంటాయి, కొలతలు వేరుగా ఉంటాయి. త్రీనాట్‌త్రీనే చూడండి. లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 1, నంబర్ 4 రెండూ అదే తూటా కాలుస్తాయి, దూరం నుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. నంబర్ 1లో వెనక గురిపలక గొట్టం మీద ఉంటుంది. దానికి దారిస్తూ చేతికాపును కోస్తారు. నంబర్ 4లో గురిపలక వెనక్కి, రిసీవర్ (గొట్టం వెనక ఉండే రైఫిల్ శరీరం) మీదకు వెళ్లింది, గొట్టం మందం కూడా మారింది. ఒకదాని చెక్క రెండోదానికి పట్టదు. ఏకే కుటుంబంలోనూ ఇదే కథ. యుగోస్లావియాలో చేసిన ఎం70 చేతికాపు ఏకేఎం రకం కన్నా పొడవు. అమెరికాలో ఎక్కువగా వాడే ఏఆర్ తరహా రైఫిళ్లలో చిన్న తూటాది ఏఆర్-15. దాని కొలతలు బాగా స్థిరపడ్డాయి. పెద్ద తూటా రకంలో అలా జరగలేదు. గొట్టాన్ని బిగించే నట్టుకు ఆర్మలైట్ పద్ధతిలో అంగుళానికి 18 మరలు, డీపీఎంఎస్ పద్ధతిలో 16 మరలు. చూపుకు రెండూ ఒకటే. ఒకదాని మీద రెండోదాన్ని బలవంతంగా తిప్పితే మొదటి చుట్టులోనే మరలు అరిగిపోతాయి.

మరలు కలవనిచోట ఓపికతోగానీ బలంతోగానీ పని జరగదు. తిరిగి ఇచ్చేసి సరైన రకం తెప్పించుకోవడం ఒక్కటే దారి. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా ఆకురాయి అందుకుంటారు.

రైలు ఇంకో పాఠం కూడా నేర్పుతుంది. పెద్ద లైన్‌లో ఒక ఇరుసు మీదున్న రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 1600 మిల్లీమీటర్లు. కొత్త చక్రం అంచు మందం ఒక్కోవైపు 28.5 మిల్లీమీటర్లు. మొత్తం 1657. పట్టాల మధ్య దూరం 1676. అంటే చక్రాలకు 19 మిల్లీమీటర్ల ఖాళీ కావాలనే వదిలారు. ఈ ఖాళీని మెకానిక్కులు ‘ప్లే’ అంటారు. ఇది లేకపోతే వంపుల దగ్గర అంచులు పట్టాలను ఒరుసుకుని చక్రం బిగుసుకుంటుంది. మరీ ఎక్కువైతే బండి అటూ ఇటూ ఊగుతుంది. ‘సరిగ్గా పట్టింది’ అంటే సందు అసలు లేదని అర్థం కాదు. ఎక్కడ ఎంత సందు ఉండాలో అంతే ఉందని అర్థం. చేతికాపుకు కూడా కొన్నిచోట్ల గట్టి పట్టు కావాలి, కొన్నిచోట్ల కచ్చితంగా ఖాళీ కావాలి. ఏది ఎక్కడో తెలియకపోతే ఖాళీ ఉండాల్సినచోట ఏదో కూరి, పట్టు ఉండాల్సినచోట గీకేస్తాం.

ఒకే ముఖం నుంచి కొలవడం

పద్దెనిమిదో శతాబ్దం దాకా తుపాకీ అంటే ఒక్కో పనివాడి చేతిపని. విరిగిన భాగం బదులు కొత్తది కావాలంటే ఆ తుపాకీని ఎదురుగా పెట్టుకుని, గీకుతూ పెడుతూ సరిచేయాలి. 1785లో ఫ్రాన్స్‌లో ఒనోరే బ్లాంక్ అనే తుపాకీ పనివాడు తన పద్ధతిలో చేసిన తుపాకీ తాళాల, అంటే పేల్చే యంత్రాంగాల, భాగాలు చూడవచ్చినవాళ్ల ముందు పోశాడు. ఏ పెట్టెలోంచి ఏ ముక్క తీసినా అవి ఇమిడిపోయాయి. అప్పట్లో అక్కడ అమెరికా రాయబారిగా ఉన్న థామస్ జెఫర్సన్ అది చూసి ఆశ్చర్యపడి స్వదేశానికి ఉత్తరం రాశాడు. 1798లో ఎలీ విట్నీ అనే తయారీదారు అమెరికా ప్రభుత్వానికి 10,000 మస్కెట్లు చేస్తానని ఒప్పుకున్నాడు. 1801లో ఏ భాగం ఎందులోనైనా ఇమిడేలా కూర్చి నాయకులకు చూపించాడు. చివరి తుపాకీ అప్పగించేసరికి 1809 వచ్చింది. తర్వాత చరిత్రకారులు విట్నీ తుపాకులు విప్పి చూస్తే భాగాలు ఒకదాని బదులు ఒకటి పట్టలేదు. ఏ ముక్క ఏ తుపాకీదో చెప్పే గుర్తులు వాటి మీద చెక్కి ఉన్నాయి.

ఆ కల నిజమైంది అప్పటి వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీలో, 1820ల్లో, జాన్ హాల్ అనే తుపాకీ రూపకర్త చేతుల్లో. ఆయనకు రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం. తన రైఫిల్ భాగాలను పరీక్షించడానికి ఆయన మొత్తం 63 గేజీలు వాడాడు. అంతకన్నా ముఖ్యమైనది ఆయన పెట్టుకున్న నియమం. ఒక భాగం మీద ఎన్ని రంధ్రాలు తొలిచినా, ఎన్ని అంచులు చెక్కినా, ప్రతి కొలతా ఒకే ఆధార బిందువు నుంచి తీసుకోవాలి. దాన్ని ఆయన ‘బేరింగ్’ అన్నాడు. ఇప్పటి ఇంజనీర్లు ‘డేటమ్’ అంటారు. మనం ‘ఆధార ముఖం’ అందాం.

దాని బలం చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక చేతికాపు మీద 40 మిల్లీమీటర్ల ఎడంతో ఐదు రంధ్రాలు వేయాలి. ప్రతి కొలతలో అటూ ఇటూ 0.1 మిల్లీమీటరు తేడా ఒప్పుకున్నాం. ఇలా ముందే ఒప్పుకున్న తేడానే ‘టాలరెన్స్’ అంటారు, మనం ‘సడలింపు’ అందాం. వెనక ముఖం నుంచి మొదటి రంధ్రం, దాని నుంచి రెండోది, రెండోదాని నుంచి మూడోది, ఇలా గొలుసుగా కొలిస్తే ప్రతి అడుగులో తప్పు చేరుతుంది. ఐదో రంధ్రం దగ్గరకొచ్చేసరికి తప్పు 0.5 మిల్లీమీటరు దాకా పెరగొచ్చు. ఐదింటినీ వెనక ముఖం నుంచే కొలిస్తే ఏ రంధ్రంలోనూ 0.1 దాటదు. పనివాడు అదే, డ్రిల్లూ అదే.

ఇప్పుడు డబ్బా మీద మోడల్ పేరున్న చేతికాపు దగ్గరకు వద్దాం. దాన్ని చేసినవాళ్లు తమ సడలింపులో ఉన్నారు. రైఫిల్ చేసినవాళ్లు తమ సడలింపులో ఉన్నారు. మధ్యలో నట్టు, వాషరు, గొట్టంలోంచి గ్యాస్‌ను మళ్లించే గ్యాస్ బ్లాకు ఉన్నాయి. తేడాలన్నీ ఒకేవైపు పడితే, ఎవరూ తప్పు చేయకుండానే స్క్రూ రంధ్రం వరస తప్పుతుంది. ఆ రైఫిల్‌కు మొదట్నుంచీ ఉన్న చేతికాపు అందులో ఎందుకు కూర్చుంది? ఒకే ఫ్యాక్టరీ, ఒకే గేజీలు. బయటి తయారీదారుకు ఆ గేజీలు అందవు. దొరికిన నాలుగు రైఫిళ్లు కొలిచి సగటున చేస్తాడు. ఐదో రైఫిల్ మీదైతే, ఆ సగటు మీకు పనికిరాదు.

ఈ బెడద తగ్గించడానికే ప్రమాణాలు వచ్చాయి. తొడుగు మీద కనిపించే పళ్ల పట్టీకి అమెరికా సైన్యం 1995లో ప్రమాణం ఖాయం చేసింది. న్యూజెర్సీలోని పికటినీ ఆయుధశాల పేరుతో దాన్ని ‘పికటినీ రైల్’ అంటారు. గాడి వెడల్పు 5.23 మిల్లీమీటర్లు, ఒక గాడి మధ్య నుంచి తర్వాతి గాడి మధ్యకు 10.01 మిల్లీమీటర్లు. రిసీవర్ మీద పట్టీ ముగిసి చేతికాపు మీద పట్టీ మొదలయ్యే చోట కూడా ఈ లయ తప్పకూడదు. చేతికాపు పూర్తిగా వెనక్కి కూర్చుందా లేదా అన్నది మామూలు కాలిపర్‌తో తెలుసుకోవడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు. ఆ ఒక్క సందు దగ్గర దూరం 10.01 బదులు 11 వస్తే, లోపల ఎక్కడో ఏదో అడ్డుపడుతోంది.

వేడి, తేమ, పూత

బల్ల మీద పెట్టి కొలిచిన కొలత ఎండలో నిలవదు. ఉక్కు మీటరు పొడవుకు, ఒక్కో సెల్సియస్ డిగ్రీకి సుమారు 12 మైక్రాన్లు సాగుతుంది. అల్యూమినియం సుమారు 23 మైక్రాన్లు సాగుతుంది. మొరప్పూర్ ఎండలో పట్టా వేడి తెల్లవారుజామున ఉన్నదానికన్నా 40 డిగ్రీలు పెరిగిందనుకుంటే, 13 మీటర్ల ఉక్కు పట్టా 6 మిల్లీమీటర్ల పైన సాగాలి. అతుకుల పట్టాల కాలంలో రెండు పట్టాల మధ్య సందు వదిలింది అందుకే.

చేతికాపు దగ్గర లెక్క చిన్నది, సూత్రం అదే. 300 మిల్లీమీటర్ల అల్యూమినియం తొడుగు 50 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.35 మిల్లీమీటరు పెరుగుతుంది. అదే పొడవున్న ఉక్కు గొట్టం అంతే వేడికి 0.18 పెరుగుతుంది. తేడా 0.17. తొడుగును వెనక ఒక్కచోట బిగించి ముందు కొస వదిలేస్తే ఈ తేడా ఎవరికీ బరువు కాదు. రెండు కొసలా బిగించేస్తే లోహం ఎటు పోవాలి? వంగుతుంది, లేదా గొట్టాన్ని వంచుతుంది.

త్రీనాట్‌త్రీల కాలంలో వేడి కన్నా తేమతోనే ఎక్కువ బాధ. వానాకాలంలో ఇంటి తలుపు గడపకు బిగుసుకుని, వేసవిలో మళ్లీ సందులిచ్చినట్టే రైఫిల్ చెక్కా చేస్తుంది. పచ్చికర్ర పూర్తిగా ఎండేసరికి నారకు అడ్డంగా 5 నుంచి 10 శాతం దాకా కుంచించుకుపోతుంది. నార వెంబడి పొడవున 0.1 నుంచి 0.2 శాతమే. అందుకే పాత రైఫిల్ చేతికాపు పొడవు చాలక పట్టకపోవడం అరుదు. వెడల్పులో బిగుసుకుంటుంది, లేదా మెలి తిరుగుతుంది. కలకత్తా దగ్గరి ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో చేసిన రైఫిళ్ల ఫోరెండ్‌లో అడ్డంగా ఒక స్క్రూ కనిపిస్తుంది. చెక్క చీలకుండా పెట్టిన కట్టు అది. తూటా వెనక్కి తన్నే దెబ్బను ఫోరెండ్ వెనక కొసలోని రెండు చిన్న ముఖాలే మోస్తాయి. అవి కుంచించుకుని కాస్త సందు ఇస్తే, ప్రతి దెబ్బకూ ఉక్కు కదిలి చెక్కను కొడుతుంది. కొన్నాళ్లకు చీలిక వస్తుంది. పైన కనిపించే చేతికాపు ఆడుతోందని మందుకోసం పోతే, అసలు జబ్బు కింద, కనపడని చోట ఉంటుంది.

ఇక పూత. అల్యూమినియం మీద గట్టిపడే ఆక్సైడ్ పొరను ‘హార్డ్ అనోడైజింగ్’ అంటారు. మామూలుగా 50 మైక్రాన్ల మందం వేస్తారు. అందులో సగం లోహంలోపలికి పోతుంది, సగం పైకి పెరుగుతుంది. పైకి పెరిగిన 25 మైక్రాన్లు రంధ్రం రెండు వైపులా కలిసి లోపలి వ్యాసాన్ని 50 మైక్రాన్లు తగ్గిస్తాయి. పూతకు ముందు జారిపోయిన నట్టు పూత తర్వాత సగంలో ఆగిపోవడానికి ఇది చాలు. పెయింటు వేసుకున్నవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. పెయింటు పొర ఇంతకన్నా మందంగా కూడా ఉండొచ్చు.

ఆకురాయి తీసే ముందు

ఇంత చిన్న తేడాలకు ఇంత హడావిడి అవసరమా అని అడగొచ్చు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీనే తీసుకోండి. కాగితం మీద పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటరు. ముందు, వెనక గురుల మధ్య ముప్పాతిక మీటరు దూరం ఉందనుకుంటే, ముందు గురి 0.04 మిల్లీమీటరు కదిలినా గుండు ఒక చుక్క వెడల్పు పక్కకు పడుతుంది. అది వెంట్రుక మందంలో దాదాపు సగం. గురి గొట్టం మీద కాకుండా చేతికాపు మీద ఉన్న రైఫిళ్లలో ఈ బాధ్యతంతా చేతికాపు పట్టుదే. గురుల మధ్య అర మీటరు ఉండి, ముందుది 0.1 మిల్లీమీటరు ఆడితే 100 మీటర్ల దూరంలో 20 మిల్లీమీటర్ల తేడా వస్తుంది.

గొట్టానికి తగలడం కూడా తప్పేనా? దీని మీద షూటర్లలో గట్టి నమ్మకాలున్నాయి. తూటా పేలగానే గొట్టం తీగలా కంపిస్తుంది. ఏదీ తగలకుండా వదిలేస్తే ప్రతిసారీ ఒకేలా కంపిస్తుందని, తేలే గొట్టమే మేలని ఇప్పటి పద్ధతి. లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 చేసినవాళ్లు దీనికి పూర్తి విరుద్ధంగా, గొట్టం ముందు కొసను స్ప్రింగుతో పైకి నొక్కిపెట్టారు. అదీ బాగానే కాల్చింది. ఇక్కడ నిర్ణయించేది తగలడమా, తగలకపోవడమా అన్నది కాదు. ఆ తగులు ప్రతి తూటాకూ మారుతోందా లేదా అన్నదే. చెక్క మెలితిరిగి, పొద్దున ఎడమవైపు, మధ్యాహ్నం కుడివైపు తగిలితే ఏ పద్ధతీ నిలవదు.

ఇక పని. రైఫిల్ ఖాళీగా ఉందని, తూటా కూర్చునే ఛాంబర్‌లోకి కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకున్నాకే ఏదైనా. మన దేశంలో 1959 ఆయుధ చట్టం తుపాకుల మరమ్మతుకు కూడా లైసెన్స్ కోరుతుంది. కాబట్టి పని లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ చేతిలో, పోలీసు రైఫిలైతే ఆర్మరర్ చేతిలో జరగాలి. సొంతదారుడు చేయాల్సింది గమనించి, సరిగ్గా చెప్పడం.

చేతికాపును తేలిగ్గా, బలం పెట్టకుండా నెట్టండి. అది ఆగిన చోటే మొదటి సాక్ష్యం. మొదట్లోనే ఆగితే కుటుంబం తప్పు, లేదా పూత మందం. చివరి మిల్లీమీటరు దగ్గర ఆగితే ఆధార ముఖం మీద మురికో, పాత నూనె గడ్డో, గ్యాస్ గొట్టమో అడ్డుంది. మురికి సంగతి చిన్నదనిపిస్తుంది గానీ, ఎండిపోయిన నూనె పొర ఒక్కటే 0.1 మిల్లీమీటరు మందం ఉండగలదు. ముందు గుడ్డతో తుడవండి.

అప్పటికీ ఆగితే ఎక్కడ తగులుతోందో చూపించే పాత పద్ధతి ఉంది. ఉక్కు ముఖానికి దీపపు మసి గానీ, ఫిట్టర్లు వాడే ప్రష్యన్ బ్లూ గానీ పలచగా పూసి, చేతికాపును ఒకసారి పెట్టి తీయాలి. తొడుగు లోపల రంగు అంటిన చోటే తగులుతోంది. కంటికి అనుమానం వచ్చిన చోటు వేరు, మసి చూపించిన చోటు వేరు కావడం ఎంతో మామూలు. అప్పుడు కూడా గీకాల్సింది చేతికాపునే. రైఫిల్ శరీరాన్ని ఎప్పుడూ గీకకూడదు, దీనికి మినహాయింపు లేదు. చేతికాపు పాడైతే ఇంకోటి కొంటాం. రిసీవర్ గీకితే ఇకపై ఏ చేతికాపూ దానికి సరిగా పట్టదు.

వదులుగా ఉంటే లెక్క వేరు. ఫీలర్ గేజ్ రేకులు ఒకదాని తర్వాత ఒకటి దూర్చి సందు ఎంతో తేల్చి, అంత మందం ఉక్కు రేకు, షిమ్, వేస్తారు. నట్టును తిప్పి వరస కలిపే రకాల్లో తయారీదారు చెప్పిన బిగింపు పరిధిలోనే పని ముగియాలి. ఏఆర్-15 గొట్టపు నట్టుకు ఆ పరిధి 30 నుంచి 80 ఫుట్-పౌండ్లు, అంటే దాదాపు 41 నుంచి 108 న్యూటన్ మీటర్లు. 80 దాటాకే వరస కలుస్తోందంటే ఇంకా బలం పెట్టకూడదు. నట్టు విప్పి, పలచని షిమ్ ఒకటి వేసి మళ్లీ బిగించాలి. చెక్కకు షిమ్ వేసేముందు మాత్రం ఆ చెక్క వాన తడిలో ఉందా, వేసవి ఎండలో ఉందా చూడాలి. ఆగస్టులో సరిపోయిన షిమ్ ఏప్రిల్‌లో కిందపడుతుంది.

బిగించాక ప్రతి స్క్రూ తలమీద నుంచి పక్కనున్న లోహం మీదికి సన్నగా పెయింటు గీత గీస్తారు మంచి ఆర్మరర్లు. రైఫిల్ రేంజ్‌కు వెళ్లి, వేడెక్కి, చల్లారి వచ్చాక ఆ గీతలు చూస్తారు. గీత విరిగిన స్క్రూ కదిలింది. అన్ని గీతలూ కలిసే ఉండి గురి మాత్రం మారితే, మసిడబ్బా మళ్లీ తెరిచి గొట్టం కింద చూడటం మొదలుపెడతారు.